శాలువా కప్పే ముందు లెక్క అడుగుదాం



ఇది కొంచెం పొడుగు పోస్టు. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. చదివాక కోపం వస్తే మంచిదే, సమావేశానికి వచ్చి ఆ కోపం అక్కడ చూపించండి.

మొన్నటి సమావేశంలో ఉగాది సభకు ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలా అని గంటన్నర మాట్లాడుకున్నాం. శాలువా ఎంతలో కొనాలో పావుగంట, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దగా వెయ్యాలో ఇంకో పావుగంట. పిలవబోయే ఆయన చట్టసభలో ఇన్నేళ్ళూ ఏం మాట్లాడారు, దేనికి చెయ్యెత్తారు, మన తెరుబలి పేరు ఒక్కసారైనా ఎత్తారా అని అడిగినవాళ్ళు లేరు. మేమూ అడగలేదు. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మేం నలుగురం కూర్చుని ఇది రాస్తున్నాం.

మేం ఏ పార్టీ వాళ్ళమూ కాదు. మాలో ఒకరింట్లో చెయ్యి గుర్తు, ఒకరింట్లో శంఖం, ఒకరింట్లో కమలం. భోజనాల దగ్గర కొట్టుకుంటాం, సంఘం దగ్గర కలుస్తాం. కాబట్టి ఇది ఫలానా నాయకుడి మీద పోస్టు అనుకోకండి. ఇది మన మీద మనం రాసుకుంటున్న పోస్టు.

ఉదాహరణకి ఒక పేరు తీసుకుంటాం. మన జిల్లాలో పుట్టిన మనిషి, దేశమంతా తెలిసిన మనిషి, గిరిధర్ గమాంగ్ గారు. ఆయన్ని ఎందుకు తీసుకున్నామంటే, మన కొరాపుట్ లోక్‌సభ స్థానం నుంచి తొమ్మిదిసార్లు గెలిచారు. 1972 నుంచి 1998 దాకా వరసగా ఎనిమిదిసార్లు, మళ్ళీ 2004లో ఒకసారి. కేంద్రంలో మంత్రి పదవులు చేశారు. 1999లో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యలో 1999 నుంచి 2004 దాకా ఈ సీటు వారి శ్రీమతి హేమ గమాంగ్ గారిది. లెక్క వేస్తే ముప్ఫై ఏళ్ళు పైనే ఈ సీటు ఒకే ఇంట్లో ఉంది. మన సంఘంలో యాభై ఏళ్ళు దాటిన వాళ్ళకి చిన్నప్పుడు ఎంపీ అంటే ఆ పేరే.

ఇప్పుడు ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి గమాంగ్ గారు ఏం చేశారని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది ఒకటే చెప్తారు: ఒక్క ఓటుతో వాజ్‌పేయిని దించేశాడు.

అంతే. అన్నేళ్ళ రాజకీయ జీవితానికి మన దగ్గర మిగిలిన జ్ఞాపకం ఒక్క బటన్ నొక్కడం. కొందరు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు, కొందరు తిట్టుకుంటారు. గొప్పా తిట్టూ రెండూ సగం తెలిసి అన్నవే. ముందు ఆ ఓటు సంగతే సరిగ్గా చూద్దాం.

1999 ఫిబ్రవరి 17న గమాంగ్ గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన లోక్‌సభ సభ్యుడు. ఆ సభ్యత్వం వదల్లేదు. ఏప్రిల్ 17న, అంటే సరిగ్గా రెండు నెలలకి, లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం మీద ఓటింగు. ఏఐఏడీఎంకే మద్దతు తీసేసింది. ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి ఢిల్లీ వచ్చి ఓటు వెయ్యొచ్చా అని సభలో గొడవ లేచింది. అప్పుడు స్పీకరు ఎవరు? మన అమలాపురం బాలయోగి గారు, తెలుగుదేశం పార్టీ. ఆయన ఆ సంగతి గమాంగ్ గారి మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ గారు ఓటు వేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం పడిపోయింది.

చట్టప్రకారం తప్పు ఉందా? లేదు. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం శాసనసభ సభ్యుడు కాని మనిషి కూడా ఆరు నెలల దాకా మంత్రిగా ఉండొచ్చు. రెండు సభల్లో ఒకేసారి సభ్యుడిగా ఉండకూడదని 101వ అధికరణం చెప్తుంది, కాని ఆరోజుకి ఆయన ఒడిశా శాసనసభకి ఇంకా ఎన్నిక కాలేదు. కాబట్టి ఆయన పూర్తి హక్కున్న ఎంపీ. ఇష్టం లేకపోతే మర్యాద ప్రశ్న ఎత్తొచ్చు. రాష్ట్రాన్ని నడిపే మనిషి కేంద్రాన్ని పడగొట్టే ఓటు వెయ్యడం బాగుందా అని అడగొచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దొంగ ఓటు అనడం మాత్రం అన్యాయం.

ఇక ఆయన ఒక్కడి వల్లే పడిపోయిందన్న మాట చూడండి. వ్యతిరేకంగా వేసింది 270 మంది. ప్రతి ఒక్కరిదీ ఒక్క ఓటే. నేషనల్ కాన్ఫరెన్స్ పార్టీ ప్రభుత్వం వైపు ఉంది, వాళ్ళ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు. ఆయన పార్టీ మాట విని ఉంటే లెక్క 270కి 269, ప్రభుత్వం నిలిచేది. మరి గమాంగ్ గారు ఓటు వెయ్యకుండా ఉండి ఉంటే? 269కి 269, సమానం. సమానం అయితే 100వ అధికరణం ప్రకారం స్పీకరు తన ఓటు వెయ్యాలి. అంటే ఢిల్లీ సర్కారు తలరాత ఆరోజు ఒక కోనసీమ తెలుగువాడి చేతిలోకి వచ్చేది. మన తెలుగు సంఘంలో ఈ సంగతి ఎంతమంది చెప్పుకున్నారు? ఈ ఓటు గురించి పాతికేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం గాని, ఆ రోజు లెక్క ఏమిటో కాగితం మీద వేసి చూసినవాళ్ళం కాము.

ఇదీ మా మొదటి ఆరోపణ. ఆరోపణ గమాంగ్ గారి మీద కాదు, మన మీద. ఒక మనిషిని తొమ్మిదిసార్లు గెలిపించిన నియోజకవర్గం ఆయన గురించి ఢిల్లీ వాళ్ళు చెప్పిన ఒక్క కథనే మోస్తోంది. మన కథ మన దగ్గర లేదు.

మన కథ ఏమిటి? ఆయన ఎంపీగా ఉన్న రోజుల్లోనే దమన్‌జోడిలో నాల్కో వచ్చింది. 1992లో పాత కొరాపుట్ జిల్లా నాలుగు ముక్కలై అక్టోబరు 2న మన రాయగడ జిల్లా పుట్టింది. 1995లో పీవీ నరసింహారావు గారి ప్రభుత్వం కొరాపుట్, బొలంగీర్, కలహండి జిల్లాల కోసం కేబీకే పథకం ప్రకటించింది. 1996లో గిరిజన ప్రాంతాల పంచాయతీల పెసా చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో వచ్చాయి. ఈ రెండు చట్టాలూ మన చుట్టూ ఉన్న ప్రతి కొండ ఊరి బతుకునీ తాకినవి. ఈ ఐదు సంగతుల్లో మన ఎంపీ పాత్ర ఎంత, గొంతు ఎంత అన్నది ఎన్నికల్లో అడగాల్సిన ప్రశ్న. మనం అడిగినవి వేరు: మా అబ్బాయికి ఉద్యోగం, మా వీధికి బోరు, మా గుడికి చందా.

పోనీ ఓటు రికార్డు చూసి తెలుసుకుందామంటే ఇంకో చిక్కు. పార్లమెంటులో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి. ఔను అన్నవాళ్ళ గొంతు, కాదు అన్నవాళ్ళ గొంతు స్పీకరు విని చెప్పేస్తారు. పేరు పేరునా ఎవరు ఎటు అన్నది కాగితం మీదికి రాదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే లెక్క పెడతారు. రాజ్యాంగ సవరణలకి మూడింట రెండు వంతుల లెక్క కావాలి కాబట్టి వాటికి డివిజన్ తప్పదు. దాని పైన విప్ ఒకటి. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ని కాదంటే సభ్యత్వమే పోవచ్చు. అంటే మన ఎంపీ ఓటులో సగం మన ఎంపీది కాదు, పార్టీది.

అందుకని ఏం చెయ్యాలి, ఓటు దొరకదు కాబట్టి అడగడం మానేయాలా? కాదు. ఓటు మీద విప్ ఉంటుంది, ప్రశ్న మీద విప్ ఉండదు. లోక్‌సభ నడిచే రోజుల్లో రోజుకి నక్షత్రం గుర్తు ప్రశ్నలు 20, రాతపూర్వక జవాబు ప్రశ్నలు 230 దాకా జాబితాలో వస్తాయి. ఏ ఎంపీ ఏ ప్రశ్న వేశారు, మంత్రి ఏం జవాబిచ్చారు, అంతా పేరుతో సహా పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటుంది. హాజరు ఉంటుంది. ప్రసంగాలు ఉంటాయి. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, ఏ పనికి ఎంత అన్న లెక్క అడిగే హక్కు ఉంది. ఫోన్లో సినిమా కలెక్షన్లు వెతికే మన కుర్రాళ్ళు ఒక ఆదివారం కూర్చుంటే ఇదంతా బయటికి తీస్తారు. ఇన్నాళ్ళూ వాళ్ళకి ఆ పని చెప్పినవాళ్ళం మనలో లేము.

ఇక రెండో సంగతి, పార్టీలు. గమాంగ్ గారు 2009లో జయరాం పంగి చేతిలో, 2014లో ఝినా హికాకా చేతిలో ఓడారు, ఇద్దరూ బీజేడీయే. 2015లో కాంగ్రెస్‌లో అవమానం జరిగిందని చెప్పి బయటికొచ్చి బీజేపీలో చేరారు. ఏ పార్టీ ప్రభుత్వాన్ని ఆయన ఓటు పడగొట్టిందని దేశమంతా చెప్పుకుందో ఆ పార్టీలోనే. 2023 జనవరిలో దాన్నీ వదిలి హైదరాబాద్ వెళ్ళి కేసీఆర్ గారి బీఆర్‌ఎస్‌లో చేరారు. 2023 డిసెంబరులో తెలంగాణలో బీఆర్‌ఎస్ ఓడింది. 2024 జనవరిలో మళ్ళీ కాంగ్రెస్. తొమ్మిదేళ్ళలో నాలుగు కండువాలు.

ఎవరి రాజకీయం వారిది. పార్టీ మారే హక్కు ఆయనకుంది, అప్పుడు ఆయన ఏ సభలోనూ లేరు కాబట్టి ఫిరాయింపు చట్టం మాటే రాదు. మేం అడిగేది వేరు. ఆయన బీఆర్‌ఎస్‌లో చేరినప్పుడు మన గ్రూపుల్లో ఎంత సంబరం! తెలుగు పార్టీ ఒడిశాకి వచ్చేస్తోంది, ఇక మన గొంతు వినిపిస్తుంది అని పూల బొమ్మలు, దణ్ణం బొమ్మలు. ఒడిశా తెలుగువాళ్ళ కోసం మీ విధానం ఏమిటి అని ఒక్క కాగితం రాసి పంపామా? వంశధార నీటి మీద, కోటియా ఊళ్ళ మీద మీ మాటేమిటి అని అడిగామా? పార్టీ పేరు తెలుగు నోటికి దగ్గరగా ఉందని మురిసిపోయాం. ఏడాది తిరక్కుండా ఆ ముచ్చట తీరింది. మన చేతిలో మిగిలింది ఆ పూల బొమ్మలే.

భాష ఒకటే అయినంత మాత్రాన మేలు కలగదని మనకి తెలియాలి. బాలయోగి గారు తెలుగువారే, పీవీ గారు తెలుగువారే, ఇద్దరూ పెద్ద మనుషులే. అయినా తెరుబలి బడిలో తెలుగు పాఠం రాలేదు. ఎందుకంటే వాళ్ళ ఓటర్లం మనం కాదు. మన ఎంపీ ఆదివాసీ, సవరో, కొంధో, పరజో, ఎవరైనా కానివ్వండి, ఆయనే మన ఎంపీ. ఆయన ముందు నిలబడి అడగాలి. ఆ పని ఇచ్ఛాపురం అవతల నుంచి ఎవరో వచ్చి చెయ్యరు.

ఇప్పటి ఎంపీ సప్తగిరి శంకర్ ఉలాకా గారు. పేరులో ఏడుకొండలు ఉన్నాయని మన పెద్దమ్మలకి ఆయనంటే అభిమానం. తండ్రి రామచంద్ర ఉలాకా గారు రాయగడ రాజకీయాల్లో పాత పేరు. ఈయన ఇంజనీరు, 2019లో నాలుగు వేల లోపు మెజారిటీతో గెలిచారు, 2024లో లక్షన్నరకి దగ్గరగా. 2024 నుంచి గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ మీద పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షుడు. ఉపాధి హామీ, గ్రామ సడక్, ఇళ్ళ పథకం, ఇవన్నీ ఆ సంఘం చూసే సంగతులు. కొల్నార బ్లాకులో రోడ్డు గురించి మాట్లాడ్డానికి ఇంతకంటే దగ్గరి కుర్చీ ఢిల్లీలో ఇంకోటి ఉందా? ఆ కుర్చీలో ఆయన కూర్చున్నాక మన సంఘం ఆయనకి పంపింది ఏమిటి? ఒక అభినందన ఫ్లెక్సీ. అర్జీ కాదు.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. పేరు చెప్పం, పేరుతో పని లేదు. కొన్నేళ్ళ కిందట మన ఉగాది వేదిక మీద ఒక నాయకుడు వచ్చే ఏటికి ఇక్కడ తెలుగు టీచరుని వేయిస్తానన్నారు. చప్పట్లు కొట్టాం. శాలువా కప్పాం. రెండేళ్ళ తర్వాత ఆయన్నే మళ్ళీ పిలిచాం. అదే మైకు, అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. మళ్ళీ చప్పట్లు కొట్టాం. వెనక వరసలో కూర్చున్న ఒక మామ్మగారు మాత్రం "మొన్న చెప్పిన టీచరు బండి ఎక్కాడేటి, దారిలో ఉన్నాడేటి" అంది. అందరం నవ్వాం. ఆవిడ ఒక్కతే ఆరోజు సభలో పౌరురాలు. మిగతావాళ్ళం ప్రేక్షకులం.

ఆ టీచరు సంగతి దయాదాక్షిణ్యం కాదని మనలో చాలామందికి తెలియదు. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. భాషాపరంగా తక్కువమంది ఉన్న వర్గాల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి ప్రయత్నించాలని అది ప్రతి రాష్ట్రానికీ చెప్తుంది. 350బీ కింద భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక కమిషనరు ఉంటారు. తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలభైమంది గాని ఆ భాష పిల్లలు ఉంటే ఆ భాషలో చెప్పే ఏర్పాటు చెయ్యాలని 1949 నుంచి ఒప్పుకున్న కొలత ఉంది. మరి మన కాలనీ, మన వీధులు కలిపి ఎంతమంది పిల్లలున్నారు? జాబితా ఉందా? లేదు. జాబితా లేకుండా ఏ నాయకుడినైనా ఏమని నిలదీస్తాం? ఇది నాయకుల తప్పు కాదు. పేర్లు రాయడానికి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు.

మన పిల్లలు ఒడియా బాగా చదవాలి, అందులో ఫస్టు రావాలి. తెలుగు కావాలంటే ఒడియా వద్దని కాదు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. మన తాతల్లో కొందరు ఊరు కదలకుండానే రాష్ట్రం మారారు. మిగతావాళ్ళం రైలు పట్టాల వెంట, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ పొగ వెంట పనికోసం వచ్చాం. ఈ నేల మనకి అన్నం పెట్టింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఒడియాలోనూ తెలుగులోనూ రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేయూతనిచ్చారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. గమాంగ్ గారు ఆ సవర వర్గం నుంచే వచ్చారు. మన పెద్దలు పక్కవాడి భాషకి ఇచ్చిన గౌరవం అది. మనం అడిగేది కూడా అంతే, ఎక్కువ కాదు.

రైలు సంగతి తీసుకోండి. 2017 జూలై వరదల్లో తెరుబలికీ సింగపూర్ రోడ్‌కీ మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. వారాల తరబడి విశాఖ వైపు మన దారి తెగిపోయింది. ఆస్పత్రి అంటే మనకి విశాఖే కదా. ఆ రోజుల్లో డయాలసిస్‌కి వెళ్ళాల్సిన వాళ్ళ ఇళ్ళల్లో ఏడుపు మనం విన్నాం. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా కొత్త జోన్, దానితోపాటు రాయగడ డివిజన్ ప్రకటించారు. డివిజన్ భవనానికి శంకుస్థాపన 2025 జనవరి 6న జరిగింది. మధ్యలో దాదాపు ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఏ ఎంపీ ఎన్నిసార్లు అడిగారు, రైల్వే మంత్రి ఏం జవాబిచ్చారు అన్నది మన సంఘం బోర్డు మీద అంటించి ఉండాలి. మన బోర్డు మీద ఉన్నది గత కార్తీక వనభోజనాల ఖర్చు. అది కూడా ముఖ్యమే, కాదనం. వంకాయల లెక్క అంత గట్టిగా అడిగే మనం డివిజన్ లెక్క ఎందుకు అడగం?

ఇప్పుడు అసలు చేదు మాట. కొందరు సభ్యులకి నచ్చదు. అయినా రాస్తున్నాం.

మన సంఘంలో నాయకుల దగ్గరికి వెళ్ళినప్పుడు కొందరు చెవిలో అడిగేది వేరే ఉంది. భూమి. 1956 రెగ్యులేషన్, ఆ తర్వాతి సవరణల వల్ల షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్ళు కొనడానికి వీల్లేదు. 2023 నవంబరులో అప్పటి ఒడిశా క్యాబినెట్ ఆ కట్టు సడలిస్తామని నిర్ణయం తీసుకుంది, గొడవ లేచేసరికి కొద్ది రోజుల్లోనే ఆపేసింది. ఆ కొద్ది రోజుల్లో మన గ్రూపుల్లో కొందరు మురిసిన తీరు చూశాం. మేం సూటిగా చెప్తున్నాం: సంఘం పేరు మీద ఆ కోరిక ఎవరు పెట్టినా మేం అడ్డం నిలబడతాం. మన భాష కోసం రాజ్యాంగం చూపించి, వాళ్ళ నేల దగ్గరికి వచ్చేసరికి అదే రాజ్యాంగాన్ని పక్కన పెట్టమంటే ఎవరు నమ్ముతారు మనల్ని? ఏ ఎమ్మెల్యే, ఏ ఎంపీ మన అర్జీ తీసుకుంటాడు? ఈ సీటు ఎస్టీ రిజర్వుడు. అలాగే ఉండాలి. మనకి కావాల్సింది మన కులం ఎంపీ కాదు, జవాబు చెప్పే ఎంపీ.

జవాబు చెప్పడం అంటే ఏమిటో నేర్చుకోవాలంటే మనం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అని రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జీలు వచ్చి చూశారు. చదువు రాని డోంగ్రియా కొంధులు వాన చినుకుల్లో నిలబడి, పేరు చెప్పి, తమ మాట చెప్పి, కాగితం మీదికి ఎక్కించారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. ఆ మాట నచ్చినా నచ్చకపోయినా, అదీ ఓటు రికార్డంటే. ఎవరు, ఎప్పుడు, దేనికి, ఎందుకు అన్నది అందరికీ తెలుసు. డిగ్రీలు, దుకాణాలు, రిటైర్మెంట్ పెన్షన్లు ఉన్న మనం మూజువాణి మనుషులమైపోయాం. వేదిక మీద ఎవరు ఏమన్నా చప్పట్లే.

కొందరు పెద్దలు అంటారు: మనం ఇక్కడ తక్కువమంది, వ్యాపారాలు చేసుకునేవాళ్ళం, నాయకులతో తగువెందుకు, నలుగురితో మంచిగా ఉంటే పనులవుతాయి. బాబాయిగార్లూ, మీ భయం మాకు తెలుసు, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కాని ప్రశ్న అడగడం తగువు కాదు. మర్యాదగా, రాసి, ఒడియాలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి ఇచ్చి, జవాబు ఎప్పుడిస్తారని అడగడం తగువెలా అవుతుంది? పైగా ఇన్నేళ్ళూ మంచిగా ఉన్నాం కదా. ఏం పనులయ్యాయి? తక్కువమందిమి కాబట్టే లెక్క గట్టిగా ఉండాలి. ఎక్కువమంది ఉన్నవాళ్ళని ఓటు కోసం వెతుక్కుంటూ వస్తారు. తక్కువమందికి కాగితమే బలం.

ఇంకొందరు అంటారు: ఓటు మూజువాణి, మాట విప్‌ది, ఇంక ఎంపీ చేతిలో ఏముంది? ఏమీ లేకపోతే శాలువా దేనికి కప్పుతున్నాం? ఏదో ఉందని నమ్మితేనే కదా పిలుస్తున్నాం. ఉందని నమ్మితే అడగాలి. లేదనుకుంటే పిలవకూడదు. రెండూ కాకుండా ఫొటో కోసమైతే, ఫొటో స్టూడియో చాలు.

అందుకని వచ్చే సమావేశంలో మేం ఈ తీర్మానం పెడుతున్నాం. ఇప్పుడే చెప్తున్నాం, ఆలోచించుకుని రండి.

1. మన ఎంపీ, ఎమ్మెల్యేల పేరుతో ఒక పద్దు పుస్తకం. సభలో వేసిన ప్రశ్నలు, హాజరు, ప్రసంగాలు, పేరు నమోదైన ఓట్లు, నిధుల ఖర్చు. ఆరునెలలకోసారి సమావేశంలో చదవాలి. ముగ్గురు కుర్రాళ్ళు, ఒక పెద్ద, ఒక మహిళా సభ్యురాలు ఈ పని చూడాలి.

2. తెలుగు మాట్లాడే పిల్లల జాబితా, ఇంటింటికీ వెళ్ళి, బడి పేరు, తరగతితో సహా. ఉగాది లోపు. అది పూర్తయ్యాక 350ఏ పేరు రాసి జిల్లా కలెక్టరుకీ, ఎంపీకీ, ఎమ్మెల్యేకీ, భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకీ అర్జీ.

3. ఉగాది వేదిక మీదికి ఏ పార్టీ నాయకుడు వచ్చినా శాలువా కంటే ముందు ఒక కాగితం. అందులో నాలుగు ప్రశ్నలు: తెలుగు టీచరు, విశాఖ వైపు రైళ్ళు, కొల్నార బ్లాకు రోడ్లు, వరదలప్పుడు దారి. పోయినసారి ఇచ్చిన మాట ఏమైందన్నది మొదటి వాక్యం.

4. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో గాని, ఆ తర్వాత గాని, సంఘం లెటర్‌హెడ్ మీద ఎవరికీ మద్దతు లేఖ ఇవ్వకూడదు. మన ఓట్లు మనవి, ఎవరి ఓటు వారిది. సంఘం చెయ్యాల్సింది లెక్క చదివి వినిపించడం.

5. భూమి రెగ్యులేషన్ సడలించమని సంఘం పేరు మీద ఎవరూ అడగకూడదు.

ఈ ఐదింటిలో ఏది తప్పో చెప్పండి. తప్పని ఒప్పిస్తే దిద్దుకుంటాం. గమాంగ్ గారి గురించి రాసిందాంట్లో ఏ తారీఖు తప్పున్నా చూపించండి, అదీ దిద్దుతాం. ఆయన పెద్దాయన, ఎనభై దాటినవారు. ఈ కొండల్లోంచి బయల్దేరి ముఖ్యమంత్రి కుర్చీ దాకా వెళ్ళడం చిన్న సంగతి కాదు. అదే 1999 అక్టోబరు 29న మహా తుపాను వచ్చి అధికారిక లెక్కల్లోనే పదివేలకి దగ్గరగా ప్రాణాలు పోయాయి, డిసెంబరుకి ఆ కుర్చీ దిగారు. ఒక్క ఏడాదిలో ముఖ్యమంత్రి పదవి, ఆ ఓటు, ఆ తుపాను. అంత జీవితం ఉన్న మనిషిని మనం ఒక్క బటన్‌కి కుదించేశాం. ఆయన చేసిన మంచి లెక్క మన దగ్గర లేదు, చెయ్యని పని లెక్కా లేదు. రెంటికీ ఆయనకి అన్యాయమే జరిగింది, మనకీ జరిగింది.

రేపు సప్తగిరి గారికీ అదే జరగకూడదు. ఆయన తర్వాత వచ్చేవారికీ జరగకూడదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మన మనవలు ఆయన ఏం చేశాడని అడిగితే, ఇదిగో పుస్తకం అని తీసి ఇచ్చేలా ఉండాలి.

వెనక వరసలోని ఆ మామ్మగారికి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, సభలకి రావడం లేదు. ఈసారి ఆవిణ్ణి ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతాం. మొదటి ప్రశ్న ఆవిడే అడుగుతుంది. శాలువా కూడా ఆవిడకే కప్పుదాం.

సమావేశానికి రండి. తీర్మానానికి చెయ్యెత్తండి, లేదా లేచి కాదనండి. ఏదైనా సరే, పేరు రాయించండి.

ఇట్లు,
సంఘ సభ్యులం, తెరుబలి